సింపైకి నా వెర్సైన్ పరీక్ష

ఆల్జీబ్రా చేసే సాఫ్ట్‌వేర్‌ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. చెమటలు పట్టించే ఇంటిగ్రల్ ఒకటి ఇస్తారు, బారెడు పాలినామియల్‌ను ఫ్యాక్టర్ చేయమంటారు, ఎన్ని సెకన్లు పట్టిందో రాస్తారు. నాకు ఆ పోటీలతో పని లేదు. నా ఉద్యోగంలో అలాంటి ఇంటిగ్రల్స్ ఎదురుపడవు. నేను చూసేది ఒక్కటే: సాఫ్ట్‌వేర్‌కు తెలియని చిన్న ఫంక్షన్‌ను నేను నేర్పితే, ఆ తర్వాత దాన్ని సైన్, కొసైన్‌ల పక్కన సమానంగా కూర్చోబెడుతుందా, లేక సవతి బిడ్డలా చూస్తుందా? డెరివేటివ్ అడిగితే చెప్పాలి. విలువ అడిగితే చెప్పాలి. సిరీస్‌గా విప్పమంటే విప్పాలి. అక్కర్లేనప్పుడు నోరు మూసుకుని ఉన్నచోట ఉండాలి. ఈ పరీక్షలో సింపై (SymPy) అనే ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్‌కు మంచి మార్కులే వేశాను. నూటికి నూరు మాత్రం వేయలేదు.

పరీక్షకు తీసుకున్న ఫంక్షన్ వెర్సైన్. ఒక కోణానికి వెర్సైన్ అంటే 1లోంచి ఆ కోణపు కొసైన్‌ను తీసేస్తే మిగిలేది, అంతే. చాలామంది ఇంజనీర్లు కూడా కాలేజీలో దీని పేరు విని ఉండరు. రైల్వే పర్మనెంట్ వేలో, అంటే పట్టాల విభాగంలో, పనిచేసే మాకు మాత్రం ఇది రోజూ నోట్లో నానే మాట. కర్వ్ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే, బయటి పట్టాకు 20 మీటర్ల తాడు బిగించి పట్టి, తాడు నడిమధ్య నుంచి పట్టా ఎంత దూరంలో ఉందో స్కేలుతో మిల్లీమీటర్లలో చదువుతాం. ఆ కొలతనే వెర్సైన్ అంటాం. పట్టా మీద 10 మీటర్లకొక పెయింటు గుర్తు ఉంటుంది. దాన్ని స్టేషన్ అంటాం కానీ అక్కడ రైలు ఆగదు. తాడును ఒక్కో స్టేషన్ ముందుకు జరుపుకుంటూ కర్వ్ మొత్తం చదువుతాం. ఎక్కడైనా అంకె ఒక్కసారిగా పెరిగినా తరిగినా అక్కడ పట్టా వంపు చెడిందని అర్థం.

లెక్క కట్టేది కూడా తేలికే. తాడు పొడవు వర్గాన్ని రేడియస్‌కు 8 రెట్లతో భాగిస్తే వెర్సైన్ వస్తుంది. మన రైల్వేలో కర్వ్ డిగ్రీ అంటే 1750ని మీటర్లలో ఉన్న రేడియస్‌తో భాగించగా వచ్చేది. కాబట్టి 2 డిగ్రీల కర్వ్‌కు రేడియస్ 875 మీటర్లు, 20 మీటర్ల తాడుకు వెర్సైన్ సుమారు 57 మిల్లీమీటర్లు. మా సెక్షన్‌లో ఎవర్ని నిద్రలేపి అడిగినా ఇది చెబుతారు. ఇంతదానికి కంప్యూటర్ ఆల్జీబ్రా ఎందుకని నన్ను ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. "సార్, కాలిక్యులేటర్‌లో కొడితే పోయేదానికి ఇంత రామాయణమా?" అన్నాడొక కొత్త జూనియర్ ఇంజనీరు. అతని మాట సైట్ మీద నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అతనికే పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు, ఈ ఫార్ములా సుమారు లెక్క అనీ, అసలు లెక్కకూ దీనికీ తేడా ఎంతో, ఆ తేడా ఎప్పుడు పెరుగుతుందో బోర్డు మీద చూపించాల్సి వస్తుంది. అక్కడ గుర్తులతో లెక్క చేసే సాఫ్ట్‌వేర్ కావాలి. అసలు లెక్కలో వచ్చేది నిజంగానే వెర్సైన్ ఫంక్షన్: తాడును కర్వ్ కేంద్రం నుంచి చూస్తే సగం కోణం ఎంతో, దాని వెర్సైన్‌ను రేడియస్‌తో గుణిస్తే మనం స్కేలు పెట్టి చదివే దూరం వస్తుంది.

సింపై గురించి ముందుగా రెండు ముక్కలు. ఇది పైథాన్‌లో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఒండ్రెయ్ చెర్టిక్ (Ondřej Čertík) అనే ఆయన మొదలుపెట్టారు. తర్వాత గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (విద్యార్థులకు గూగుల్ డబ్బిచ్చి ఉచిత సాఫ్ట్‌వేర్ రాయించే కార్యక్రమం) ద్వారా చేరిన విద్యార్థుల చేతుల్లో బాగా పెరిగింది. ఆ విద్యార్థుల్లో మన దేశం వాళ్లు తక్కువేమీ కాదు. లైసెన్స్ బీఎస్‌డీ, అంటే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మీ సొంత ప్రోగ్రామ్‌లో కలిపేసుకోవచ్చు. పైథాన్ ఉన్న మెషిన్‌లో ఒక్క పిప్ కమాండ్‌తో వచ్చేస్తుంది. తనతో పాటు తప్పనిసరిగా తెచ్చుకునేది ఎంపీమ్యాథ్ అనే లైబ్రరీ ఒక్కటే, ఎన్ని అంకెల వరకైనా దశాంశాలు లెక్కపెట్టడానికి. ఆఫీసు కంప్యూటర్‌లో ఏదైనా ఎక్కించాలంటే ఎన్ని సంతకాలు కావాలో తెలిసినవాడిగా, ఈ పొదుపు నాకు బాగా నచ్చింది.

సింపైలో సైన్, కొసైన్, టాంజెంట్, వాటి ఇన్వర్స్‌లు, బెసెల్, గామా, జీటా అన్నీ ఉన్నాయి. వెర్సైన్ లేదు. తప్పు పట్టను. అది లేకపోయినా కొసైన్‌తో పని జరిగిపోతుంది. మనవాళ్లు మాత్రం దీన్ని ఎప్పుడో పట్టించుకున్నారు: సూర్యసిద్ధాంతంలో జ్యాల (సైన్‌ల) పట్టికతో పాటు 24 ఉత్క్రమజ్యాల పట్టిక కూడా ఉంది, ఇదే ఫంక్షన్.

లేని ఫంక్షన్‌ను చేర్చడానికి సింపైలో మూడు దారులున్నాయి. మొదటిది మామూలు పైథాన్ పద్ధతి. డెఫ్ అని మొదలుపెట్టి, వచ్చిన కోణం కొసైన్‌ను 1లోంచి తీసి తిరిగి ఇచ్చేయడం. రెండు లైన్లు. ఇది పనిచేస్తుంది, కాకపోతే వెర్సైన్ అనే పేరు పిలిచిన క్షణంలోనే మాయమై దాని చోట కొసైన్ కూర్చుంటుంది. బీటెక్ చదివే మా అమ్మాయి ఇది చూసి, "నాన్నా, రెండు లైన్లలో అయిపోతుంటే మళ్లీ క్లాస్ ఎందుకు?" అంది. క్లాస్ అంటే ఫంక్షన్‌కు తెలియాల్సినవన్నీ ఒకచోట రాసిపెట్టే పైథాన్ అచ్చు, కింద వచ్చే మూడో దారి అదే. న్యాయమైన ప్రశ్న. సింపై డాక్యుమెంటేషన్ కూడా ఆ మాటే చెబుతుంది: మీ ఫంక్షన్ ఎప్పుడూ ఇంకో ఎక్స్‌ప్రెషన్‌గా మారిపోయేదైతే, క్లాస్ రాయకండి, డెఫ్ చాలు అని. తన దగ్గరున్న పెద్ద యంత్రాన్ని అమ్ముకోకుండా, మీకు చిన్నది చాలు పొమ్మని చెప్పే డాక్యుమెంటేషన్ మీద నాకు గౌరవం పెరిగింది.

రెండో దారి, ఫంక్షన్ అనే దానికి ఒక పేరు ఇచ్చి ఖాళీ ఫంక్షన్ సృష్టించుకోవడం. పేరు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. డెరివేటివ్ అడిగితే 'దీని డెరివేటివ్' అని రాసి ఊరుకుంటుంది. కోణానికి సున్నా ఇచ్చినా సున్నా అని చెప్పదు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లలో తెలియని ఫంక్షన్‌ను పట్టుకోవడానికి ఉద్దేశించిన పద్ధతి ఇది. మన పనికి రాదు.

మూడోది అసలైనది. ఫంక్షన్ అనే క్లాస్ నుంచి వెర్సైన్ అనే కొత్త క్లాస్‌ను తీసుకోవాలి. సైన్, కొసైన్‌లు కూడా లోపల అలాంటి క్లాస్‌లే. ఇక్కడే సింపై గొప్పతనం. బిల్ట్-ఇన్‌లకు ఒక దారి, బయటివాళ్లకు ఒక దారి అని లేదు. సైన్ ఏ తలుపులోంచి లోపలికి వచ్చిందో, మన ఫంక్షన్ కూడా ఆ తలుపులోంచే వస్తుంది. సైన్ ఎలా రాశారో చూడాలంటే దాని సోర్స్ తెరిచి చదువుకోవచ్చు. ఎలిమెంటరీ అనే ఫోల్డర్‌లో ట్రిగనోమెట్రిక్ అనే ఫైల్, మామూలు పైథాన్.

క్లాస్‌లో మొదట రాయాల్సింది ఎవాల్ అనే మెథడ్ (క్లాస్ లోపల రాసే చిన్న ఫంక్షన్‌ను మెథడ్ అంటారు). వెర్సైన్‌కు ఏదైనా ఇచ్చిన వెంటనే సింపై ఈ మెథడ్‌ను పిలిచి, 'దీనికి నీకు తెలిసిన సమాధానం ఉందా?' అని అడుగుతుంది. ఉంటే తిరిగి ఇవ్వాలి. లేకపోతే ఏమీ ఇవ్వకుండా వదిలేయాలి, అంటే పైథాన్ భాషలో నన్ (None). అప్పుడు ఎక్స్‌ప్రెషన్ వెర్సైన్ పేరుతోనే ఉంటుంది. ఇందులో రాయాల్సింది తక్కువే: కోణం పై (π) యొక్క పూర్ణాంక గుణిజం అయితే, సరి గుణిజానికి 0, బేసి గుణిజానికి 2. అంతవరకే. సింబల్ వస్తే ముట్టుకోకూడదు.

ఈ 'ముట్టుకోకపోవడం' మీద నాకు ఇంకొంచెం చెప్పాలని ఉంది, ఎందుకంటే కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఎవాల్‌లోనే 1 మైనస్ కొసైన్ తిరిగి ఇచ్చేయాలని చేయి లాగుతుంది. అలా చేస్తే మళ్లీ మొదటి దారికే వచ్చి పడ్డట్టు, పేరు మాయం. ఎవాల్ అనేది ఎక్స్‌ప్రెషన్ పుట్టిన ప్రతిసారీ నడుస్తుంది, కాబట్టి అందులో బరువైన పని పెట్టకూడదు, ఎవరూ అడగని విస్తరణ చేయకూడదు. విప్పమని అడిగితే విప్పడానికి డూఇట్ అనే మెథడ్ వేరే ఉంది. వేరే రూపంలోకి మార్చమంటే మార్చడానికి రీరైట్ వేరే ఉంది. ఎప్పుడు ఏ పని జరగాలో ఇలా గీత గీసి పెట్టడం నాకు చాలా నచ్చింది. సింపై కోడ్ రాసినవాళ్లు ఈ గీతను తమ పాత ఫంక్షన్లలో అన్ని చోట్లా పాటించలేదన్నది కూడా సోర్స్ చదివితే కనిపిస్తుంది. సైన్, కొసైన్‌ల ఎవాల్‌లు పేజీలకు పేజీలు సాగుతాయి.

నా వెర్సైన్‌లో ఎవాల్‌కు ఇంకొక కేసు చేర్చాను. కోణం అనేది ఇంకో సంఖ్య యొక్క ఆర్క్‌సైన్ (సైన్ విలువ నుంచి కోణాన్ని వెనక్కి తీసేది) అయితే, ఆ సంఖ్య వర్గాన్ని 1లోంచి తీసి, వర్గమూలం కట్టి, దాన్ని 1లోంచి తీసి ఇవ్వమని. ఎందుకంటే మా లెక్కలో సగం కోణం ఎప్పుడూ ఆర్క్‌సైన్‌గానే వస్తుంది: తాడులో సగాన్ని రేడియస్‌తో భాగిస్తే వచ్చే దాని ఆర్క్‌సైన్. కొసైన్ కూడా లోపల ఇదే పని చేస్తుంది, ఆర్క్‌సైన్ ఇస్తే వెంటనే వర్గమూలంగా మారుస్తుంది. నేను చేసిందల్లా దాని అలవాటును నా ఫంక్షన్‌కు నేర్పడం.

రెండో మెథడ్ ఎఫ్‌డిఫ్. డెరివేటివ్ సైన్ అని ఒకే ఒక్క లైన్. చైన్ రూల్ మనం రాయక్కర్లేదు. కోణం స్థానంలో ఎంత పొడవైన ఎక్స్‌ప్రెషన్ పెట్టినా, లోపలి డెరివేటివ్‌ను సింపై తనే గుణించుకుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఏ ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కు ఇచ్చే విలువ) మీద డెరివేటివ్ అనే లెక్క ఇక్కడ 1 నుంచి మొదలవుతుంది, పైథాన్‌లో మిగతా చోట్ల అన్నీ 0 నుంచి మొదలవుతాయి. ఒకే ఆర్గ్యుమెంట్ ఉన్న వెర్సైన్‌కు ఇబ్బంది లేదు. రెండు మూడు ఉన్న ఫంక్షన్ రాసేవాళ్లు చూసుకోవాలి.

మూడోది సంఖ్య విలువ. దీన్ని రాయకపోతే వెర్సైన్‌కు 0.5 ఇచ్చినా వెర్సైన్ 0.5 అని రాసి కూర్చుంటుంది, ఎందుకంటే ఎంపీమ్యాథ్‌లో ఆ పేరుతో ఫంక్షన్ కోసం వెతికి, దొరక్క ఊరుకుంటుంది. ఈ మెథడ్‌లో 1 మైనస్ కొసైన్ రాయకూడదు. సగం కోణపు సైన్ వర్గానికి రెట్టింపు అని రాయాలి. గణితంలో రెండూ ఒకటే, కంప్యూటర్‌లో కావు. మామూలు పైథాన్‌లో కోణం వంద కోట్లలో ఒక వంతు ఇచ్చి 1 మైనస్ కొసైన్ చేసి చూడండి, సున్నా వస్తుంది. ఆ కొసైన్ 1కి ఎంత దగ్గరంటే పదహారు అంకెల్లో తేడా కనిపించదు, తీసివేతలో అంతా కొట్టుకుపోతుంది. సగం కోణం దారిలో వెళ్తే అదే పదహారు అంకెలతో సరైన సమాధానం వస్తుంది: దశాంశం తర్వాత పద్దెనిమిది సున్నాలు, ఆ పైన 5. సింపైకి కోణాన్ని భిన్నం రూపంలో ఇచ్చి 1 మైనస్ కొసైన్ విలువ అడిగితే, అంకెలు కొట్టుకుపోతున్నాయని తనే పసిగట్టి ప్రెసిషన్ పెంచుకుంటుంది, అది వేరే సంగతి. అదే కోణాన్ని దశాంశంగా ఇస్తే ఆ జాగ్రత్త మొదలయ్యేలోపే కొసైన్ 1 అయిపోతుంది. రైలు పట్టాకు ఈ గొడవ లేదు, మా కోణాలు మరీ అంత చిన్నవి కావు. అయినా ఒక ఫంక్షన్‌ను విడిగా పేరు పెట్టి చేర్చడానికి నాకు దొరికిన గట్టి కారణం ఇదే. ఫార్ములా సరైన రూపం ఎక్కడో ఒకచోట ఉండాలి, పిలిచిన ప్రతివాడూ దాన్ని మళ్లీ ఆలోచించక్కర్లేకుండా.

నాలుగోది రీరైట్. కొసైన్‌తో రాయమంటే 1 మైనస్ కొసైన్, సైన్‌తో రాయమంటే సగం కోణం రూపం. నాలుగైదు లైన్లు.

ఇంత చేశాక బోర్డు మీద ఏం చూపించానంటే: రేడియస్, తాడు రెండింటినీ పాజిటివ్ సింబల్స్‌గా పెట్టి, అసలు లెక్కను తాడు పొడవులో సిరీస్‌గా విప్పమన్నాను. మొదటి పదం మనకు తెలిసిన ఫార్ములానే: తాడు వర్గం, కింద రేడియస్‌కు 8 రెట్లు. రెండో పదం తాడు పొడవు నాలుగో ఘాతం, కింద రేడియస్ ఘనానికి 128 రెట్లు. ఆ రెండో పదమే మన ఫార్ములాలో వదిలేసిన దానిలో పెద్ద ముక్క. 2 డిగ్రీల కర్వ్‌కు అది మిల్లీమీటరులో వెయ్యికి రెండు వంతులు కూడా లేదు. బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి బిగుతు కర్వ్ 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల రేడియస్. అక్కడ ఫార్ములా 285.71 మిల్లీమీటర్లు అంటుంది, అసలు విలువ 285.95. పావు మిల్లీమీటరు తేడా. తాడు గాలికి ఊగితే వచ్చే తేడా ఇంతకన్నా ఎక్కువ. ఆ జూనియర్ ఇంజనీరు ఇది చూసి, "అయితే కాలిక్యులేటరే కరెక్టు కదా సార్" అన్నాడు. అవును, కరెక్టే. ఇప్పుడు ఎందుకు కరెక్టో కూడా అతనికి తెలుసు.

ఇక చికాకులు. మొదటిది సింప్లిఫై. వెర్సైన్‌కు కొసైన్ కలిపి సింప్లిఫై చేయమంటే, 1 అని చెప్పదు, అలాగే వదిలేస్తుంది. ముందు కొసైన్‌లోకి రీరైట్ చేస్తే అప్పుడు 1 వస్తుంది. మన ఫంక్షన్‌కూ దాని చుట్టాలకూ మధ్య సంబంధాలు సింప్లిఫైకి తెలియాలంటే దానికి వేరే మెథడ్ రాయాలి. డెరివేటివ్ విషయంలో సొంత మనిషిలా చూసిన సింపై, ఇక్కడ కొంచెం పరాయిగా ఉంటుంది. సైన్, కొసైన్‌ల కోసమైతే ట్రిగ్‌సింప్ అని ప్రత్యేకంగా ఒక ఏర్పాటే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు అందులో ప్రవేశం తేలిగ్గా దొరకదు.

రెండోది లాంబ్డిఫై. ఎక్స్‌ప్రెషన్‌ను వేగంగా నడిచే మామూలు ఫంక్షన్‌గా మార్చే సాధనం ఇది. వందల స్టేషన్ల రీడింగ్‌లను ఒకేసారి లెక్కపెట్టాలంటే నంపైతో (సంఖ్యల లెక్కలు వేగంగా చేసే పైథాన్ లైబ్రరీ) కలిపి దీన్నే వాడాలి. వెర్సైన్ ఉన్న ఎక్స్‌ప్రెషన్‌ను ఇస్తే ఇది ఏ గొడవా లేకుండా తీసుకుంటుంది. తీరా నడిపినప్పుడు, వెర్సైన్ అనే పేరే తెలియదంటూ ఎర్రర్ ఇస్తుంది. నంపైలో ఆ పేరు లేదు మరి. మందు ఉంది: ముందే సైన్‌లోకి రీరైట్ చేసుకోవడమో, ఆ పేరు వస్తే ఏ ఫంక్షన్ పిలవాలో లాంబ్డిఫైకి విడిగా ఇవ్వడమో, లేదా క్లాస్‌లో నంపై కోడ్ కోసం ఇంకో మెథడ్ రాసి పెట్టడమో. ఏదైనా చేయొచ్చు. కానీ తీసుకునేటప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. కౌంటర్ దగ్గర డబ్బు కట్టించుకుని, ప్లాట్‌ఫామ్ మీదకు వచ్చాక ఈ రైలు లేదన్నట్టు ఉంటుంది ఆ క్షణం.

మూడోది మెథడ్‌ల పేర్లు. ఎవాల్, ఎఫ్‌డిఫ్ తిన్నగానే ఉన్నాయి. మిగతావి చాలావరకు అండర్‌స్కోర్‌తో మొదలై, మధ్యలో ఎవాల్ అని, చివర ఇంకేదో అని ఉంటాయి. విలువ కట్టే మెథడ్, రియల్ అవునా కాదా చెప్పే మెథడ్, నెగటివ్ కాదని చెప్పే మెథడ్, రీరైట్ మెథడ్, అన్నీ ఇదే వరస. ఒక్క అక్షరం తేడాగా రాస్తే ఎర్రర్ రాదు. సింపై ఆ మెథడ్‌ను అసలు పిలవదు, మనం రాసింది అక్కడ ఊరికే పడి ఉంటుంది. పైథాన్ బాగా వచ్చినవాళ్లకు ఇది అలవాటే. నాలాంటి సివిల్ ఇంజనీరుకు తలనొప్పి.

వేగం గురించి చెప్పకపోతే సమీక్ష పూర్తి కాదు. మొత్తం పైథాన్ కాబట్టి పెద్ద ఎక్స్‌ప్రెషన్ల దగ్గర సింపై నెమ్మది. వెర్సైన్ లాంటి దానికి తెలియదు, వేల పదాలున్న వాటికి తెలుస్తుంది.

డాక్యుమెంటేషన్‌కు మాత్రం ప్రత్యేకంగా మార్కులు వేయాలి. సొంత ఫంక్షన్లు రాయడం మీద ఒక పూర్తి గైడ్ ఉంది, అందులో ఉదాహరణగా తీసుకున్నది కూడా ఈ వెర్సైనే. నేను పైన చెప్పిన సున్నా గొడవ, సగం కోణం ఉపాయం అక్కడ కూడా కనిపిస్తాయి. ఏం చేయాలో చెప్పడంతో ఆగకుండా ఏం చేయకూడదో, ఎందుకు చేయకూడదో కూడా రాశారు. మా శాఖ మాన్యువల్స్ రాసేవాళ్లకు ఒక కాపీ పంపాలనిపించింది.

ఇప్పుడు పక్కవాళ్లు. మాక్సిమా (Maxima) వయసులో అందరికన్నా పెద్దది. 1960ల చివర ఎమ్ఐటీలో మొదలైన మాక్సైమా (Macsyma) అనే సాఫ్ట్‌వేర్‌కు వారసురాలు ఇది. బిల్ షెల్టర్ అనే ప్రొఫెసర్ దాన్ని ఏళ్ల తరబడి కాపాడి, 1998లో అమెరికా ఇంధన శాఖ అనుమతి తీసుకుని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ఇందులో వెర్సైన్ చేర్చే పద్ధతి భలే సూటిగా ఉంటుంది. గ్రాడెఫ్ అనే కమాండ్‌తో దీని డెరివేటివ్ సైన్ అని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు, చైన్ రూల్ దానంతటదే వస్తుంది. టెల్‌సింప్ అనే కమాండ్‌తో కోణం సున్నా అయితే సున్నా, పై (π) అయితే 2 అని నియమాలు నేర్పొచ్చు. దశాంశ సంఖ్య వస్తే సగం కోణం ఫార్ములా వాడమని కూడా ఇలాగే చెప్పొచ్చు. క్లాస్‌లు, మెథడ్‌లు ఏవీ లేవు. ప్రోగ్రామింగ్ రాని లెక్కల మాస్టారికైతే నేను సింపై కన్నా దీన్నే చూపిస్తాను. చిక్కు ఎక్కడంటే, నియమాలు పెరిగేకొద్దీ ఏది ముందు పనిచేస్తుందో గుర్తుపెట్టుకోవాలి. నిజంగా సైన్ సరసన చేర్చాలంటే లిస్ప్ భాషలోకి దిగాలి. బ్రాకెట్ల అడవి అది, నేను గట్టు మీద నుంచే చూసి వచ్చేశాను.

పారి-జీపీది ఇంకో తీరు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో హెన్రీ కోహెన్ బృందం 1980లలో మొదలుపెట్టింది, సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) వాళ్ల కోసం, సీ భాషలో. ఇందులో వెర్సైన్‌ను ఒక లైన్‌లో నిర్వచించుకోవచ్చు, ఇంకో లైన్‌లో దానికి సహాయ వాక్యం కూడా తగిలించుకోవచ్చు, ప్రశ్న గుర్తు పెట్టి పేరు కొడితే అది కనిపిస్తుంది. సంఖ్య ఇస్తే మామూలుగానే 38 అంకెల వరకు చెబుతుంది. సంఖ్య బదులు ఉత్త చరరాశి ఇస్తే, అడగకుండానే పవర్ సిరీస్ చేతిలో పెడుతుంది. వెర్సైన్ అని గుర్తుగా ఉంచుకోవడం అనేదే దానికి తెలియదు. మా పాఠానికి ఇది ఒక రకంగా వరమే అయినా, దీన్ని పూర్తి స్థాయి ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్ అనలేం.

కానీ అసలైన బిల్ట్-ఇన్ చేర్చడంలో జీపీ అంత శుభ్రమైన పద్ధతి నేనింకెక్కడా చూడలేదు. సీలో ఫంక్షన్ రాసి, దాని పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టాలి. అందులో ఫంక్షన్ పేరు, ఏ విభాగంలోది, సీలో దాని పేరు, ప్రోటోటైప్, సహాయ వాక్యం, మాన్యువల్‌లోకి వెళ్లే వివరణ, ఒక్కోటి ఒక్కో లైన్‌లో. ప్రోటోటైప్ అంటే కొన్ని అక్షరాల సంకేతం. సైన్‌కు అది రెండే అక్షరాలు: ఒకటి ఏదో ఒక విలువ వస్తుందని, రెండోది ఇప్పుడున్న ప్రెసిషన్ కూడా అందించమని. మళ్లీ బిల్డ్ చేస్తే ఫంక్షన్, దాని సహాయం, మాన్యువల్‌లో దాని పేరా అన్నీ ఆ ఒక్క ఫైల్ నుంచే తయారవుతాయి. బిల్డ్ చేసే ఓపిక లేనివాళ్లకు, నడుస్తున్న జీపీలోకే సీ ఫంక్షన్‌ను ఎక్కించే ఇన్‌స్టాల్ కమాండ్ ఉంది.

దీంతో పోలిస్తే సింపైలోకే నేరుగా ఒక ఫంక్షన్‌ను చేర్చాలంటే పని నాలుగు చోట్ల ఉంటుంది. క్లాస్ ఒక ఫైల్‌లో, పేరు బయటికి కనిపించేలా రెండు ఇనిట్ ఫైళ్లలో, టెస్ట్‌లు టెస్ట్ ఫైల్‌లో, డాక్యుమెంటేషన్‌లో ఒక ఎంట్రీ. ఇవి కాక ప్రతి కొత్త క్లాస్‌కూ ఒక చిన్న టెస్ట్ రాయాలని పట్టుబట్టే టెస్ట్-ఆర్గ్స్ అనే ఫైల్ ఒకటుంది. అందులో మీ క్లాస్ పేరు లేకపోతే మొత్తం పరీక్ష ఫెయిల్. చాదస్తంలా కనిపిస్తుంది కానీ, అది ఉండబట్టే ఏ క్లాస్ అయినా తన ముక్కల నుంచి తనను మళ్లీ కట్టుకోగలదన్న భరోసా ఉంది.

డబ్బు పెట్టగలిగినవాళ్లకు వోల్‌ఫ్రామ్ మ్యాథమాటికా ఉంది. అందులో హావర్‌సైన్ బిల్ట్-ఇన్‌గానే ఉంది, అది వెర్సైన్‌లో సగం. సముద్రంలో ఓడల దూరాలు లెక్కపెట్టేవాళ్లు వాడిన ఫంక్షన్. రెట్టింపు చేసుకుంటే మన పని అయిపోతుంది. లైసెన్స్ ఖర్చు చూశాక నేను ఆ దారి పట్టలేదు.

మొత్తానికి సింపైకి ఐదు స్టార్లలో నాలుగు. తగ్గిన ఒక స్టార్‌లో ఎక్కువ భాగం లాంబ్డిఫైది, మిగతాది అండర్‌స్కోర్‌లది.

ల్యాప్‌టాప్ లేనివాళ్లకు ఒక మాట. సింపై లైవ్ అని బ్రౌజర్‌లోనే నడిచేది ఉంది, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. మొదటిసారి పైథాన్ మొత్తం దిగుమతి అవుతుంది కాబట్టి కొంచెం డేటా, కొంచెం ఓపిక కావాలి. క్లాస్‌ను అందులో పేస్ట్ చేసేటప్పుడు సైన్, కొసైన్‌లను సింపై నుంచే తెచ్చుకోండి. పైథాన్ సొంత మ్యాథ్ మాడ్యూల్‌లోని సైన్ సింబల్‌ను తీసుకోదు, ఎఫ్‌డిఫ్‌లో అది గనక దూరిందంటే డెరివేటివ్ అడిగిన వెంటనే టైప్ ఎర్రర్ వస్తుంది.